జనరేటర్ ఆగేలోపు

మైకు చుట్టూ దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేశారు. అజయ్ చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది.

హైదరాబాద్ పుప్పాలగూడలో, స్నేహితురాలు రసజ్ఞ వాళ్ల ఫ్లాటు అది. సకల జనుల సమ్మె ఇరవై రెండో రోజు. గనుల నుంచి బొగ్గు రాక పొద్దున్నుంచి కరెంటు లేదు. కింద జనరేటర్ నడుస్తోంది. మూడున్నరకు ఆపేస్తారు.

మైకు అడిగి తెచ్చుకున్నది. దాని సొంతదారు సాయంత్రం ప్రైవేటు బస్సుకు బెంగళూరు వెళ్లిపోతున్నాడు, మైకుతో సహా.

గిటారు రసజ్ఞ ముందే వాయించి పెట్టింది. మిగిలింది అజయ్ గొంతు ఒక్కటే.

గోదావరిఖని క్వార్టర్లలో, తొమ్మిదేళ్లప్పుడు, పేరు చిరిగిపోయిన క్యాసెట్టులో విన్నాడు రెగే, ఎక్కడో జమైకా పాట. భజనలో కంజిర వాయించే బాపు మొగిలి కాసేపు చెవి పెట్టి విని నవ్వాడు. “గిదేం పాటరా, దెబ్బ పడాల్సిన కాడ పడకపాయె!”

ఆ పడని దెబ్బ వెంటే పదిహేనేళ్లుగా తిరుగుతున్నాడు అజయ్. బాపు బొగ్గు జీతంతో ఇంజినీరింగ్ చదివాడు. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ రెండు స్టూడియోల మెట్లెక్కాడు. “ఇది ఏ హీరోకి పెట్టాలయ్యా?” అన్నారు. ఇక తన పాట తానే చేసుకుందామనుకున్నాడు.

రెండు రోజులుగా బాపు ఫోను కలవడం లేదు. గనుల దగ్గర అరెస్టులని టీవీలో చెబుతున్నారు.

రసజ్ఞ నాన్న సీతారామయ్య పేపరు పట్టుకుని గదిలోకి వచ్చారు.

“మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?”

“సింగరేణిలో అండి. ఇప్పుడు సమ్మెలో ఉన్నారు.”

“అయితే మాకు కరెంటు తీసేసింది ఆయనేనన్నమాట. మీరేమో వచ్చి మా జనరేటర్ మీద పాడుతున్నారు.”

“నాన్నా!” అంది రసజ్ఞ.

“అబద్ధమా ఏంటి?”

ఆయన బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. జనరేటర్ మోత తగ్గింది.

మొదటిసారి అజయ్ శ్రుతి తప్పాడు. రెండోసారి మాట తప్పింది.

మూడోసారి కుదిరింది. పల్లవి దాటాడు. రసజ్ఞ కళ్లు మూసుకుని తల ఊపుతోంది.

ఫోను వెలిగింది. బాపు.

వద్దన్నట్టు చేతులు ఊపింది రసజ్ఞ.

అజయ్ పాట ఆపేశాడు.

“బాపూ! ఏడున్నవ్? పట్టుకపోయిన్రా?”

“పట్టుకపోయి ఇడిసిపెట్టిన్రు తియ్. జర ఒక్కటి చెప్పు. గీడ టెంటుల అందరం కూసున్నం, ఫోను స్పీకర్ల పెట్టిన. పట్నంల కరెంటు పోయిందా? ఏం కాలేదంటున్నరు టీవీల. నువ్వు ఆడనే ఉన్నవ్ గద, నువ్వు చెప్పు.”

అవతల ఎవరూ దగ్గడం కూడా లేదు.

“పోయింది బాపు.”

“హైటెక్ సిటీల గుడనా?”

అజయ్ కంప్యూటర్ తెర మీద వెలుగుతున్న రికార్డింగ్ ఎర్రచుక్కను చూశాడు.

“హైటెక్ సిటీల గుడ.”

టెంటంతా ఈలలు, కేకలు. అవి సద్దుమణిగాక మొగిలి గొంతు తగ్గింది.

“మరి నీ పాట? ఇయ్యాలనే అంటివి గద.”

“కరెంటు లేదు గద, రేపు చేస్త బాపు.”

“సమ్మె ఒక్క పూట ఆపుమందునా ఏంది?”

టెంటులో నవ్వులు. అజయ్ నవ్వలేకపోయాడు.

అంతలో బాల్కనీ తలుపు తెరుచుకుంది. మోత ఒక్కసారిగా గదిలోకి వచ్చిపడింది.

“ఏందిరా ఆ చప్పుడు?”

అజయ్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టాడు. సీతారామయ్య అతని చేతిలోని ఫోను వంక ఒక్క క్షణం చూశారు. లోపలికి వచ్చి, మెల్లగా తలుపు మూశారు.

“లారీ పోయింది బాపు. ఉంట మరి.”

మూడూ ఇరవై నాలుగు. పాట నాలుగు నిమిషాలు.

“పాడతావా?” అంది రసజ్ఞ.

అజయ్ ఫోను బోర్లించి, మైకు ముందు నిలబడ్డాడు.