చార్జింగ్ ఎక్కని చేప

భీమిలి సముద్రంలో అసలైన చేపలు కనబడక ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు అడుగు రాళ్లకు అతుక్కుని బతికేవన్నీ నీళ్లు శుభ్రం చేయడానికి ఒక కంపెనీ వదిలిన వేలెడంత మరచేపలే. పరదేశి వారానికోసారి మునిగి వాటిని ఊడబెరికి తెస్తాడు. భార్య దానమ్మ బ్రష్షుతో పాచి తోమి, ఒకప్పుడు అత్తగారు నెత్తళ్ల చేపలు ఎండబెట్టిన డాబా మీదే వాటిని చార్జింగుకు ఎండలో పరుస్తుంది.

ఆ రోజు ఒక చేప ఎంత లాగినా రాయిని వదల్లేదు. విసుగొచ్చి పరదేశి రాయితో సహా పట్టుకొచ్చాడు. దానమ్మ దాన్నీ అలాగే తోమి ఎండలో పెట్టింది.

మధ్యాహ్నానికి చేపలన్నీ ఒక్కొక్కటే తోకలు ఆడించసాగాయి. రాయి మీదిది మాత్రం కదల్లేదు.

"దీనికి చార్జింగెక్కనేదయ్యా. పాడైపోనాదేటో," అంది దానమ్మ.

పరదేశి దాన్ని మెల్లగా ఒలిచి తిరగేశాడు. పొట్ట మీద కంపెనీ నంబరు లేదు. వేలు పెడితే మెత్తగా దిగింది. అది అతుక్కున్న చోట, రాయి మీద, ఆవగింజలంత గుడ్లు ఎండిపోయి ఉన్నాయి. ఒక్కో గుడ్డులో రెండేసి నల్లటి కళ్లు.

"మా తాత సెప్పేవోడు," అన్నాడు. "గుడ్లకి కాపలా కాసే తండ్రి సేప సచ్చినా రాయినొగ్గదని."

దానమ్మ చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. వెనక మరచేపలు టపటపా తోకలు కొట్టుకుంటూనే ఉన్నాయి.