పుంజు నిద్రలేపిన పొద

పెరట్లో జామచెట్టు పక్కన ఒక పొద ఉండేది. దాని ఆకులు బంగారు రంగు. ఎండ ఎక్కువైతే అవి మాడిపోతాయి, నీడ ఎక్కువైతే రంగు పోతుంది. జామచెట్టు దయవల్ల రెండూ సగం సగం పడి, పొద ధగధగలాడేది.

చలికాలం రాగానే ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి.

"చచ్చిపోయింది. ఆ పుల్లలు నేను నమిలేస్తా," అంది మేక.

"ఆగవే... అది పడుకుంది... చలికి ఆకులు..." అని నత్త మొదలుపెట్టింది. నత్త మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికుంది?

"పడుకుందా? సూర్యుణ్ణే రోజూ లేపేవాణ్ణి, ఈ పొద నాకో లెక్కా!" అని పుంజు మెడ నిక్కించింది.

ఇక రోజూ తెల్లారగానే పొద ముందు నిలబడి గొంతు చించుకుంది. ఎండలు మొదలయ్యేసరికి పొద చిగురించి మళ్ళీ మెరిసింది. పెరడంతా పుంజుకు దండాలు పెట్టింది. పెట్ట అయితే, తనకు దొరికిన లావుపాటి పురుగుల్ని రోజూ తెచ్చి పుంజుకే పెట్టేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ పుల్లలే మిగిలాయి.

"రోజూ కూస్తూనే ఉన్నావు కదా బావా, మరి ఎలా పడుకుంది?" అని మేక నిలదీసింది.

"నన్నంటావేం? చలికి ఆకులు రాలతాయి. ఎండలొస్తే వాటంతటవే వస్తాయి!" అని పుంజు కసిరింది.

"పోయినేడు... నేను చెప్పబోయింది... అదే," అంది నత్త.

అప్పుడే పురుగుతో వచ్చిన పెట్ట ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని తనే మింగేసింది.