పద్నాలుగు వేల కిలోమీటర్లు

“అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి మన ఎయిర్‌పోర్టుకి పద్నాలుగు వేల కిలోమీటర్లు బాబాయ్,” అంది టికెట్ల షాపు అమ్మాయి కంప్యూటరు చూస్తూ. “నేరుగా వస్తే పదహారు గంటలు.”

“నేరుగా కాకుండా?” అన్నాడు తాపీ మేస్త్రీ.

“మధ్యలో దిగి ఇంకోటి ఎక్కితే ఇరవై ఆరు.”

“అంతకన్నా ఎక్కువ పట్టేది లేదా?”

ఆ అమ్మాయి నవ్వింది. “అందరూ తొందరగా వచ్చేది అడుగుతారు. వచ్చేది అత్తగారా ఏంటి?”

“తమ్ముడు.”

“టికెట్టు తీయమంటారా?”

“వద్దమ్మా. లెక్క తెలిస్తే చాలు.”

చేతులకంటిన సిమెంటు దులుపుకుని ఇంటికొచ్చాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ అక్క ఇంట్లో ఉండేది. ఒంట్లో బాగాలేదంటే ఈమధ్యే తెచ్చుకున్నాడు. వచ్చిన రోజే చిన్నోడేడని అడిగింది. దూరదేశంలో పని దొరికి వెళ్ళాడన్నాడు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. వాడి చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలి.

“బయల్దేరాడా?”

“విమానం ఎక్కాడమ్మా. మధ్యలో ఇంకోటి మారాలి. రేపు సాయంత్రం అవుతుంది.”

“అంత దూరం ఎందుకు పోయాడురా, పిచ్చి సన్నాసి.” చెయ్యి చాపితే గోడ తగిలింది. “ఈ గది ఇంత ఇరుగ్గా ఉండేది కాదే?”

“సామాను పెరిగిందమ్మా.”

గోడ అవతల ఎవరో దగ్గారు.

“పక్కింటాయన పాపం, తెగ దగ్గుతున్నాడు. కాసిని వేడినీళ్ళు ఇచ్చి రారా.”

మేస్త్రీ లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

అక్కడ భార్య నిలదీసింది. “విమానం ఎక్కించేశావా? పిలవకుండానే ఎలా వస్తాడు?”

“పిలుస్తాలే.”

“‘నా గడప తొక్కొద్దు’ అన్నది నువ్వు. పిలవాల్సిందీ నువ్వే. ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“రేపు సాయంత్రం దాకా టైముంది కదే. అందుకేగా అంతసేపు పడుతుందని చెప్పింది.”

మర్నాడు పనికి వెళ్ళలేదు. చెప్పులేసుకుని గడప దాకా వెళ్ళాడు. విప్పేసి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ వేసుకున్నాడు. మళ్ళీ విప్పాడు.

మధ్యాహ్నం అమ్మ కళ్ళు తెరిచింది. “దిగాడా?”

“ఇంకొంచెం సేపమ్మా. సముద్రం దాటాడు.”

“రానీ. ఉంటాలే.”

ఉండలేదు. భార్య వచ్చి అమ్మ కళ్ళు మూసింది. ఆమె చెయ్యి గోడకే ఆని ఉంది. అవతల దగ్గు తెరలు తెరలుగా వినిపిస్తూనే ఉంది.

మేస్త్రీ ఆ చేతి పక్కనే నుదురు ఆనించాడు. గది మధ్యలో తను కట్టిన గోడే. ఒంటి ఇటుక గోడ. పక్కన కూర్చున్నవాడితో అన్నట్టు మెల్లగా అన్నాడు.

“తమ్ముడూ, అమ్మ పోయిందిరా.”

గోడ అవతల దగ్గు ఆగిపోయింది.