చేదాకు పండగ

ఎక్కడెక్కడి నుంచో తరిమేస్తే ఎగిరొచ్చిన కొంగలు ఒక మడుగు చేరాయి. అక్కడ అప్పటికే కౌజుపిట్టలు కాపురముంటున్నాయి. పోట్లాటలయ్యాయి. రెండు వైపులా పిల్లలు చచ్చిపోయాయి. చివరికి కొంగలు మడుగు చుట్టూ ముళ్ళకంప వేసుకున్నాయి. కౌజులు కంప బయటే ఉండిపోయాయి.

ఏటా వసంతంలో కొంగలు పండగ చేసుకునేవి. పడ్డ కష్టం మరవకుండా తలా ఒక చేదాకు నమిలి, తమను తరిమిన కథ చెప్పుకునేవి. కథకు ముందు ఒక కొంగ లేచి, "ఆకలైన వాళ్ళెవరైనా వచ్చి మాతో తినండి" అని పిలవాలి. అది తాతల నాటి ఆచారం.

ఆ ఏడు పిలవాల్సిన వంతు షిఫ్రా అనే ముసలి కొంగది. అది లేచి, కంప వైపు చూసి ఆగిపోయింది.

"పిలవవేం, వదినా?" అంది పక్క కొంగ.

"దారి మూసేసి ఎవర్ని పిలవను?"

"ఆ కౌజులు నీ బిడ్డను పొడిచి చంపాయి. మర్చిపోయావా?"

"మర్చిపోతే ఈ ఆకెందుకు నములుతాను? మనం ఏడాదికొక్కసారి నమిలే చేదు వాళ్ళు రోజూ నములుతున్నారు."

షిఫ్రా వెళ్ళి, ముక్కు చీరుకుపోతున్నా ఒక్కో ముళ్ళకొమ్మా లాగి దారి చేసింది. ఏ కొంగా సాయం రాలేదు. అడ్డమూ రాలేదు. అప్పుడు పిలిచింది.

చాలాసేపటికి నజ్లా అనే ముసలి కౌజు వచ్చి ఆ దారిలో నిలబడింది. షిఫ్రా చేదాకు అందించింది. నజ్లా నమిలి, "ఈ రుచి నాకు తెలుసు" అంది.

షిఫ్రా పక్కకు జరిగి చోటిచ్చింది. "అయితే ఈ ఏడు కథ నువ్వు మొదలుపెట్టు."