చూపుడువేలికి వారం గడువు

తెరను ముట్టుకుంటే ల్యాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు.

ఆమె మళ్లీ ముట్టుకుంది. నాలుగేళ్లుగా ట్యాబ్‌తో కాపురం చేసిన వేలు అది. తెర కనబడితే చాలు, దానిమీదికే పోతుంది.

"అక్కడ కాదే. కింద, కింద," అన్నాడు భర్త. జేబురుమాలు తీసి తెరమీద వేలిముద్ర తుడిచాడు. పొద్దుట్నుంచి అలా తుడవడం పదకొండోసారి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

విసుగన్నది ఆయన ఒంట్లోనే లేదు. ఫర్నిచర్ షాపు నడుపుతాడు. కుర్చీ కోసం వచ్చినవాడికి మంచం కూడా అంటగట్టి, పైగా వాడిచేతే థాంక్స్ చెప్పించుకుని పంపేంత మాటకారి. ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ భార్యకే.

ఆమె ఒకప్పుడు డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఆఫీసరు. పక్క సీట్లో ఆమె కూర్చుంటే ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నవాళ్లకు కూడా ముచ్చెమటలు పట్టేవి. తర్వాత నరాల జబ్బొచ్చింది. మాట పోయింది. మెడ తిరగదు. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ముఖం ఒకేలా ఉంటుంది. ఒళ్లు మొత్తం మీద చెప్పినమాట వినేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే.

ఆ వేలి కోసం భర్తే స్వయంగా కూర్చుని, బొమ్మలు ఏరి, ట్యాబ్‌లో బటన్లు పెట్టాడు. నీళ్లు. నొప్పి. దుప్పటి. సరే. చాలా బాగుంది. థాంక్యూ. బొమ్మను ముట్టుకుంటే ట్యాబ్ ఆడగొంతుతో పలికేది. ఏది అడిగినా, ఆమె జవాబిచ్చేదాకా ట్యాబ్ పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడు.

ఈపూట కూడా క్యారెట్ సూప్ ఇవ్వనా? సరే. జుట్టు పొట్టిగా కత్తిరించేద్దామా, నీకు సుఖంగా ఉంటుంది? సరే. మంచం కిటికీ దగ్గర్నుంచి లోపలికి జరిపించనా, చలిగాలి కొట్టకుండా? సరే.

చుట్టాలొస్తే మురిసిపోయేవాడు. జబ్బుమనిషని పేరేగానీ ఎంత శాంతం వచ్చిందో చూడండి, నాలుగేళ్లలో మా ఇద్దరికీ ఒక్క గొడవ లేదు అనేవాడు. వచ్చిన మగవాళ్లు తమ భార్యల వైపు అదోలా చూసి, వెంటనే చూపు తిప్పుకునేవారు.

ల్యాప్‌టాప్ తెచ్చింది కొత్తగా వచ్చిన స్పీచ్ థెరపిస్టు. ఏది టైప్ చేస్తే అది పైకి పలుకుతుందట. ఆసుపత్రికి ఉన్నది అదొక్కటే. దానికోసం ఇంకా ఐదుగురు కాచుకుని ఉన్నారు. వారంలోగా ఎవరి సాయం లేకుండా ఒక్క మాట టైప్ చేస్తే ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంటుంది. చెయ్యలేకపోతే వెళ్లిపోతుంది.

ఆ ఒక్క మాట ఏమిటో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

తెలియడం వేరు, కొట్టడం వేరు. ట్యాబ్‌లో బొమ్మలు అరచేతంత. ఇక్కడ కీలు గోరంత. అక్షరాలు బళ్లో నేర్చుకున్న వరసలో లేవు, ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా ఉన్నాయి. ముట్టుకుంటే చాలదు, నొక్కాలి. నొక్కిన వేలు వెంటనే లేవదు. లేచేలోగా అదే అక్షరం తెర నిండా బారులు తీరుతుంది. చెరిపే కీ ఎక్కడో పైమూలన. వేలిని అక్కడిదాకా ఈడ్చుకెళ్లేసరికి చెయ్యంతా వణికిపోయేది. అప్పుడు మళ్లీ మొదట్నుంచి.

సోమవారం ఒక అక్షరం పడింది. బుధవారానికి రెండు. గురువారం మధ్యాహ్నం మూడోది పడింది. అంతలో భర్త వచ్చి ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

"బాగా అలిసిపోయావు. కాసేపు పడుకుంటావా?" అని ట్యాబ్ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె లోపల గట్టిగా అరిచింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ఓపిగ్గా నిలబడే ఉన్నాడు. వేలు చాలాసేపు బటన్ల మీద ఆగింది.

"సరే," అంది ట్యాబ్.

ఆ సాయంత్రం ఆయన ఫోన్లో తన అక్కతో చెప్పుకున్నాడు. టైప్ చెయ్యాలని తంటాలు పడుతోంది నా పేరే కాబోలు, పిచ్చిది, అని కళ్లు తుడుచుకున్నాడు. ఆమె వింది. ఆయన మంచివాడని ఆమెకు తెలుసు. ఆ మంచితనంలోనే ఆమెకు ఊపిరాడడం లేదు.

శనివారం థెరపిస్టు వచ్చింది. అప్పటికి వేలి చివర వాచి ఎర్రబడింది.

"తీసుకెళ్లిపోండమ్మా," అన్నాడు భర్త. "ఈవిడ బాధ నేను చూడలేను. ట్యాబ్ ఉందిగా, మేం హాయిగానే ఉన్నాం."

ఆవిణ్ణే అడగండి అంది థెరపిస్టు. ఆయన వంగి, ఎప్పట్లాగే ట్యాబ్‌ను భార్య చేతి దగ్గర పెట్టాడు.

"ల్యాప్‌టాప్ ఇచ్చేద్దామా?"

వేలు ట్యాబ్ వైపు పోలేదు. కీబోర్డు మీద వాలింది. ఒక కీ నొక్కి లేచింది. సాయం చెయ్యబోయిన భర్తను థెరపిస్టు చేత్తో ఆపింది. రెండోది. మూడోది తప్పుపడింది. వేలు పైమూలకు పాక్కుంటూ వెళ్లి, దాన్ని చెరిపి, తిరిగొచ్చింది. గోడ గడియారంలో పావుగంట గడిచింది. ఆఖరి అక్షరం పడ్డాక, పలికించే కీ మీద వేలు వాలింది.

"వద్దు," అంది ల్యాప్‌టాప్.

థెరపిస్టు చప్పట్లు కొట్టింది. ఆయన కూడా నవ్వేశాడు.

"ఈ మాత్రం దానికి ఇంత కష్టమా? ట్యాబ్‌లో ఒక్కసారి ముట్టుకుంటే అయిపోయేదిగా," అంటూ ట్యాబ్ చేతిలోకి తీసుకుని, ఆ బటన్ చూపించబోయాడు. ఒక పేజీ తిప్పాడు. రెండోది తిప్పాడు. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు.

నాలుగేళ్ల కిందట తన చేతులతో, ఎంతో ప్రేమగా పెట్టిన అరవై నాలుగు బటన్లలో ఆ మాట లేదు.