ఎదురింటి సిగ్నల్

"పోతే పోయింది సంబంధం. వాడి ఫోన్ మాత్రం వద్దు నాన్నా," అంది పూజిత, తల్లి చేత పట్టుచీర కుచ్చిళ్లు సర్దించుకుంటూ. "చేపలు పట్టుకున్న చేతుల్లో ఫోన్‌తో నాకు పెళ్లిచూపులేంటి?"

గున్నేశ్వరరావుకు కడుపు నిండిపోయింది. కూతురంటే ఇలా ఉండాలి. పాలకొల్లు బజార్లో తాతలనాటి నుంచి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న ఇంటి పిల్లకు ఆ మాత్రం పౌరుషం ఉండాలి. కానీ ఇవాళ ఆయనకు పౌరుషం కంటే ఇంటర్నెట్ ముఖ్యమైపోయింది.

రాత్రి గాలివానకు కాలవగట్టు మీద చెట్టు కూలి, ఇంటికొచ్చే కేబుల్ తెగింది. ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే కంపెనీవి. ఆ టవర్ కూడా పడుకుంది. పెళ్లికొడుకు సాయిరామ్ పుణెలో బ్యాంకు ఆఫీసరు. అతనికి సెలవు దొరకలేదు. అతనూ, తునిలో ఉన్న తల్లిదండ్రులూ కలిసి వీడియో కాల్‌లోనే పిల్లను చూసుకుంటామన్నారు. రేపట్నుంచి మూఢం. ఈ పూట దాటిందంటే మళ్లీ మంచిరోజులు వచ్చేలోగా అలాంటి సంబంధాన్ని ఇంకెవరో తన్నుకుపోతారు.

వీధిలో సిగ్నల్ ఉన్న ఫోన్ ఒక్కటే. అది ఎదురింటి సురేష్‌బాబుది. సముద్రం ఒడ్డున కూడా అందుతుందని అతను వేరే కంపెనీ సిమ్ వాడతాడు.

ఎదురిల్లు తలుచుకుంటేనే గున్నేశ్వరరావుకు ఒళ్లు మండుతుంది. నరసాపురం వైపు నుంచి వచ్చిన వీరవేణి, ఆమె కొడుకు సురేష్‌బాబు, చేపల్నీ రొయ్యల్నీ ఐసు పెట్టెల్లో పెట్టి ఊళ్లకు పంపే వ్యాపారం చేస్తారు. నిరుడు ఆ ఇల్లు కొన్నారు. అద్దెకు దిగి ఉంటే ఎప్పుడో పోతారులే అని సరిపెట్టుకునేవాడు. కొనేశారు. గృహప్రవేశానికి పిలవడానికి వీరవేణి వస్తే, లోపల కూర్చునే లేనని చెప్పించాడు. మర్నాడే గేటుకు నిలువెత్తు రేకు కొట్టించాడు. పూజిత ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివింది. ఎదురింటి ముందు నుంచి వెళ్తే ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. కింద గదిలో వాసన భరించలేనని, సాయంత్రం ఆఫీసు పనంతా డాబా మీద లాప్‌టాప్ పెట్టుకుని చేసుకుంటుంది.

సురేష్‌బాబు ఫోన్ అడిగి తెచ్చి దాంతోనే మాట్లాడేస్తే పోదా అని భార్య కన్యక నసిగింది.

"వాడి ఫోన్‌లో మన పిల్ల మొహమా?" అన్నాడు గున్నేశ్వరరావు. "ఫోన్ గేటు బయటే ఉంటుంది. ఇంటర్నెట్ ఒక్కటే లోపలికొస్తుంది. గాలికి మైలేంటి?"

కొట్లో నెట్ పోయినప్పుడల్లా బిల్లుల కంప్యూటర్‌కి తన ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చేది ఆయనే. ఆ విద్యలో తనకు తిరుగులేదని ఆయన నమ్మకం. సిగ్నల్ దగ్గరగా ఉంటుందని లాప్‌టాప్‌ను వసారాలో టీపాయ్ మీద పెట్టించి, గేటు జానెడు తెరిచి, ఎదురింటి వైపు చూసి చిటికె వేశాడు.

సురేష్‌బాబు పెట్టెలు కడుగుతున్నవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెళ్లిచూపులని విన్నాక అతని మొహం మాడిపోయింది. పైకి ఎదిగినవాళ్లను చూస్తే ఇలాంటివాళ్లకు ఏడుపేలే అనుకున్నాడు గున్నేశ్వరరావు.

ఫోన్‌లో చార్జింగ్ లేదన్నాడు సురేష్‌బాబు. వైరు గేటు దాకా లాగిస్తానన్నాడు ఈయన. ఇంటికెళ్లి ఆన్ చేసుకొస్తానన్నాడు అతను. అటే పోతే మళ్లీ ఎవడు పట్టుకొస్తాడు, ఇక్కడే నా కళ్లముందు నొక్కమన్నాడు ఈయన.

"పోనీ ఆ లాప్‌టాప్ ఓసారి ఇటిప్పించండి. నేనే పెట్టేత్తానండి."

"ముట్టుకున్నావంటే చూడు," అన్నాడు గున్నేశ్వరరావు. "ఆ చేతులతో మా పిల్ల వస్తువు ముట్టుకుంటావేంటి? చెప్పింది చెయ్యి చాలు."

పూజిత సగం జడతో గుమ్మంలోకి వచ్చింది. లాప్‌టాప్ తన గదిలోకి ఇచ్చేస్తే తనే చూసుకుంటానంది. అలాంటివాళ్లతో మాటలు పెట్టుకోవద్దని తండ్రిని బతిమాలింది. కన్యక పూలదండ పట్టుకుని వెనకే వచ్చి, పిల్లను అక్కడే నిలబెట్టి జడకు పిన్నులు పెట్టసాగింది. కూతురి మాటలు గేటు బయటికి వినబడ్డందుకు గున్నేశ్వరరావు లోలోపల మురిసిపోయాడు.

సురేష్‌బాబు ఒక్కసారి గుమ్మం వైపు చూసి తల దించుకున్నాడు. ఫోన్ తీసి హాట్‌స్పాట్ నొక్కాడు.

"ఇప్పుడు పాస్‌వర్డ్ చెప్పు," అన్నాడు గున్నేశ్వరరావు. "కొత్త ఫోన్‌కి కలిపితే లాప్‌టాప్ మొదటిసారి మాత్రం అడిగి తీరుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు."

సురేష్‌బాబు ఫోన్ తెర మీదికి ఇంకా వంగాడు.

"సొంత ఫోన్ పాస్‌వర్డ్ కూడా నోటికి రాదా? మీకెందుకయ్యా ఇంతింత ఫోన్లు?"

అప్పుడే వసారాలో లాప్‌టాప్ గణగణమంది. కన్యక కంగారుగా వెళ్లి, పూజిత ఎప్పుడో నేర్పినట్టు, పచ్చగుర్తు మీద నొక్కింది. తెర మీద తుని నుంచి పెళ్లికొడుకు తల్లిదండ్రులు, పక్క గడిలో సాయిరామ్, చేతులు జోడించి కనబడ్డారు. నమస్కారమండి, మా దగ్గరే కూర్చున్నంత స్పష్టంగా ఉన్నారండి అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

గున్నేశ్వరరావు గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడు. మొహమంతా నవ్వు చేసుకున్నాడు. గుమ్మంలో పూజిత కళ్లు మూసుకుంది. ఎందుకో ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది.

పాస్‌వర్డ్ ఇంకా ఎవరూ చెప్పలేదు. లాప్‌టాప్ అడగనూ లేదు.