కాలిన చెరకు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు అది. నవంబరు నెల. చక్కెర మిల్లు ఈ ఏటికి మూయడానికి ఇంక పది రోజులే ఉంది. మధ్యాహ్నం మూడింటికి కన్నియమ్మ చెరకు అంటుకుంది. నాలుగింటికల్లా ఆకు మొత్తం కాలిపోయి, చేనంతా నల్లటి గడలు నిలబడ్డాయి.

ఊళ్లో చేలన్నీ వంతులవారీగా కొట్టే గ్యాంగులో పద్దెనిమిది మందీ ఎక్కడి కత్తులు అక్కడ వదిలేసి గట్టు మీదికి చేరారు. సర్దారు బిసుందేవ్ ముందు నిలబడ్డాడు. ఎవరి చెరకు ఏ రోజు కొట్టాలో చెప్పేది అతనే.

"ఎవరు పెట్టిన నిప్పు ఇది?" అన్నాడు.

కొందరు అతని మొహంలోకే చూశారు. చూడరా మరి. కన్నియమ్మ వంతును అతను జాబితాలో అట్టడుక్కి తోశాడు. పోయిన ఏడూ అంతే చేస్తే చెరకు చేలోనే ముదిరి బెండుబారింది. ఈ ఏడు కూడా నిలిచిపోతే ఆమె చేను వదులుకోవాల్సిందే. మగదిక్కు లేని చేను నాకిచ్చేసి మీ అన్న దగ్గరికి పొమ్మని అతను రెండుసార్లు ఆమె వాకిట్లో నిలబడి చెప్పాడు.

కన్నియమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది.

"ఎవరు పెట్టారో తర్వాత చూద్దాం, సర్దార్ భయ్యా. కాలిన చెరకు గురించి గ్యాంగు రూలేంటో చెప్పు."

ఆ రూలు అందరికీ తెలిసిందే. కాలిన చెరకు నాలుగు రోజుల్లో పులుస్తుంది. అందుకని అది ఎవరిదైనా ముందు దాన్నే కొట్టాలి. అయితే రూలు అక్కడితో అయిపోదు. వంతు కోసం తన చేనుకు తానే నిప్పు పెట్టుకుంటే, ఆ చెరకు అందరి తర్వాత.

"రూలు నాకూ తెలుసు. నువ్వే అంటించావు," అన్నాడు బిసుందేవ్.

వెనక ఎవడో నవ్వాడు. "కన్నియమ్మ వదినా? అగ్గిపుల్ల గీస్తే ఆమడ దూరం పోయే మనిషి."

అది నిజమే. ఆమె మొగుడు ఆర్ముగం అదే చేలో చెత్త తగలబెడుతుంటే గాలి తిరిగింది. ఆమె కళ్లముందే పోయాడు. అప్పటినుంచి ఆమె అగ్గిపెట్టె ముట్టలేదు. పక్క ఇంటి ముసలాయన పొన్సామి రోజూ పొద్దున్నే వెళ్లి ఆమె పొయ్యి రాజేసి వస్తాడు. ఆయన పుల్ల గీసేటప్పుడు ఆమె పెరటి గోడవైపు తిరిగి నిలబడుతుంది. వంట కాగానే పొయ్యిలో చెంబుడు నీళ్లు పోసేస్తుంది.

బిసుందేవ్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. "గియ్యి. చూస్తాం."

అగ్గిపెట్టె కింద పడింది. కన్నియమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అతను వంగి పెట్టె తీసుకుని, తనే ఒక పుల్ల గీసి ఆమె మొహం ముందు పట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. గట్టు మీద కూలబడింది.

పొన్సామి వచ్చి అతని చేయి పక్కకు తోశాడు. ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

"రెండేళ్లుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది నేను. ఆ ఇంట్లో అగ్గిపెట్టె కూడా ఉండదు. ఇంక చాలు."

గ్యాంగు ఆయన మాట పట్టుకుంది. రేపు ఈ చెరకే కొట్టాలని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. నిప్పు ఎవరిదో తేల్చాలంటే ముందు సర్దారు మధ్యాహ్నం ఎక్కడున్నాడో తేల్చాలని ఒకడు సణిగాడు. బిసుందేవ్ మొహం మాడిపోయింది.

కన్నియమ్మ లేచి చీర దులుపుకుంది. "ఆర్ముగం కత్తి ఇంట్లోనే ఉంది. రేపు వరసలో నేనూ ఉంటా."

"చెరకు కత్తి బరువు వదినా," అన్నాడు ఇందాక నవ్వినవాడు.

"ఈ రెండేళ్లు మోసినదానికంటేనా?"

వాడు మళ్లీ నవ్వలేదు.

బిసుందేవ్ పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ఆ పొయ్యి సంగతేంటో పొద్దున్నే నేనే వచ్చి చూస్తా. ఆమే వెలిగించుకుంటున్నట్టు తేలిందా, ఈ చేలో కత్తి పడనివ్వను."

మర్నాడు వెలుగు రాగానే పొన్సామి ఎప్పటిలాగే అగ్గిపెట్టె జేబులో వేసుకుని వెనక దారిన వెళ్లాడు. వంటపాకలో అడుగుపెట్టి ఆగిపోయాడు. కన్నియమ్మ ఆయన వైపు చూసింది. పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసింది.

అప్పుడే ముంగిట్లో చెప్పుల చప్పుడైంది. గ్యాంగు మొత్తం వెనకేసుకుని బిసుందేవ్ వచ్చాడు. పాక కప్పు మీంచి పొగ లేస్తోంది. అతను దానివైపు చాలాసేపు చూశాడు.

"ఎవరు వెలిగించారు, కాకా?"

పొన్సామి గుమ్మంలోకి వచ్చాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, గుమ్మంలోనే పుల్ల గీసి చుట్ట ముట్టించుకున్నాడు. ఆ చప్పుడుకు వెనక కన్నియమ్మ మొహం తిప్పుకోలేదు. అది ఆయన ఒక్కడే చూశాడు. పుల్ల ఊది, సర్దారు కాళ్ల దగ్గర పడేశాడు.

"రోజూ వెలిగించేవాడే."

బిసుందేవ్ ఆ పుల్ల వైపు చూసి, గ్యాంగుకు చేయి ఊపాడు. కన్నియమ్మ కత్తి తీసుకుని వాళ్ల వెంట చేలోకి నడిచింది.

పొన్సామి మెట్టు మీద కూర్చుని చుట్ట కాల్చాడు. ఆ పొద్దున ఆయన గీసిన పుల్ల అదొక్కటే.